గొడ్డు ముట్టని వామి, తడవని తాడు

మాల్దీవులకు పోయొచ్చానని తెలియగానే మా స్టాఫ్ రూములో అందరూ అడిగింది ఒకటే, సముద్రం అంత నీలంగా ఉంటుందా అని. ఉంటుంది. క్యాలెండర్లలో ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ఆ నీలం గురించి ఇక్కడ ఎక్కువ రాయను. నేను పోయింది నీలం చూడటానికి కాదు, ఒక పడవను అనుమానించడానికి.

నేను ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెబుతాను. నా కూతురు కరుణ సముద్ర జీవుల గురించి చదివింది. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్ల అడుగున ఈదడం పాండిచ్చేరిలో తను నేర్చుకుని, నన్ను కూడా ఒప్పించి నేర్పించింది. చిన్నప్పుడు బావిలో దూకి ఈత నేర్చుకున్నదాన్ని కాబట్టి నాకు నీళ్లంటే భయం లేదు. మనుషులంటేనే కొంచెం.

ఈ స్కూబా వాళ్ల కోసం సముద్రంలో తిరిగే పడవలు ఉంటాయి. వారం రోజులు తిండి, పడక అన్నీ పడవలోనే. పగడపు దిబ్బ కనపడిన చోటల్లా ఆగి నీళ్లలోకి దిగుతారు. అలాంటి పడవలో ఒక సీజను పనిచెయ్యమని కరుణకు పిలుపు వచ్చింది. దిబ్బలకు కాపలా పని. వచ్చినవాళ్లు దేన్నీ తాకకుండా చూడాలి, ఏది బతికి ఉందో ఏది చచ్చిందో రాసుకోవాలి. దానికి బదులుగా ఆ పడవ బ్రోచర్లో కరుణ ఫొటో, పేరు వేస్తారు. అంటే ఇది సముద్రానికి కీడు చెయ్యని పడవ అని నా కూతురు లోకానికి పూచీ పడుతుంది. పూచీ అనే మాట వింటే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఎందుకో చెబుతాను.

ప్రొద్దుటూరు: మూడు పడవలు

పిలిచింది మూడు పడవలవాళ్లు. ముగ్గురూ సముద్రాన్ని ప్రేమిస్తామనే చెప్పారు. అప్పుడు మాకు ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. బంగారు అంగళ్ల వీధిలో రెండు పార్టీల జీపులు ఒకదాని వెనక ఒకటి మైకులు పెట్టుకుని మా మీద ప్రేమ కురిపిస్తున్నాయి. ప్రేమిస్తామని చెప్పేవాళ్ల మీద నాకు అప్పటికే విసుగు పుట్టి ఉంది.

ముగ్గురికీ అవే ప్రశ్నలు పంపాను. లంగరు ఎక్కడ వేస్తారు, అది పడితే పగడం విరుగుతుంది కదా? మరుగుదొడ్డి నీళ్లు ఎక్కడ వదులుతారు? వంటింటికి చేపలు ఎక్కడివి? సొరచేపలకు మేత వేసి పిలుస్తారా? మొదటి పడవవాళ్లు మాలో ఏ లోపమూ లేదని రాసి, ఏదో ఆకుపచ్చ ముద్ర ఫొటో పంపారు. వాళ్లు పంపిన ఇంకో ఫొటోలో ఒక మూల చేప తలకాయల బకెట్ కనపడింది. దాని చుట్టూ టూరిస్టులు నవ్వుతూ నిలబడ్డారు. సొరచేపలకు మేత అదేనని కరుణ చెప్పింది. రెండో పడవవాళ్లు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకుండా డిస్కౌంటు ఇస్తామన్నారు.

మూడో పడవ నుంచి కెప్టెన్ ఇబ్రహీం అనే ఆయన స్వయంగా రాశాడు. మురికి నీళ్లు ట్యాంకులో పట్టి లోతు సముద్రంలోకి పోయాక వదులుతామని, దిబ్బల చేప వండబోమని, గాలంతో పట్టిన ట్యూనా మాత్రమే కొంటామని, రాత్రంతా ఏసీ నడుస్తుంది కాబట్టి డీజిల్ విపరీతంగా తాగుతుందని, దానికి ఇంకా దారి దొరకలేదని రాశాడు. లంగరు ప్రశ్నకు మాత్రం "బ్రోచర్లో ఉంది చూడండి" అన్నాడు. బ్రోచర్లో ఏముందంటే, మేము ఎక్కడా లంగరు వెయ్యము, నీళ్లలో తేలే బోయలకు తాడుతో పడవను కట్టేస్తాము అని.

"డీజిల్ మాట చూసి వద్దంటావనుకున్యా" అంది కరుణ.

"ఆ మాట చూసే సరే అంటాండా. లంగరు మాటే నాకు నచ్చలే."

"నీకు ఏది నచ్చింది గనక అమా."

నిజమే. అన్ని ప్రశ్నలకూ తన మాటల్లో జవాబు రాసిన మనిషి ఒక్కదానికి బ్రోచర్ ఎందుకు చూపించాడన్నది నా బుర్రలో ముల్లులా ఉండిపోయింది. కరుణ మాట ఇచ్చే ముందు ఇద్దరం మామూలు టూరిస్టుల్లా ఆ పడవ ఎక్కి చూసి రావాలని నిర్ణయించుకున్నాం.

జమ్మలమడుగు: నాయన చూసే వామి

ఖాదర్ కారులో బెంగళూరుకు బయల్దేరాం. ఖాదర్ మా వీధి వాడే, నన్ను అక్కా అని పిలుస్తాడు. మా తమ్ముడికి ఇంటి తాళాలు ఇవ్వాలని జమ్మలమడుగు మీదుగా పోయాం. బస్టాండు ముందు పెద్ద ఫ్లెక్సీ. ఒకప్పుడు ఒకరి నీడ ఒకరికి పడని ఇద్దరు నాయకులు అందులో భుజాల మీద చేతులు వేసుకుని ఉన్నారు.

"ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే జెండా అక్కా" అన్నాడు ఖాదర్. "వీళ్ల కోసరం మా చిన్నాయన కాలు పోగొట్టుకున్న్యాడు. ఆ కాలు యాడ అతికిస్తారో అడగాల."

మా ఊరు అక్కడికి దగ్గరే. మా నాయన ఆ ఊరి మిషన్ బడిలో హెడ్‌మాస్టరు. ఫ్యాక్షన్ బాగా ముదిరిన ఆ రోజుల్లో ఊళ్లో రెండు పక్షాల పిల్లలూ ఆయన దగ్గరే చదివారు. మాకు పొలాలు లేవు, గట్టు తగాదాలు లేవు. అందుకని రాజీ కుదిరినప్పుడల్లా రెండు ఇళ్లవాళ్లూ "మాస్టరు పూచీ ఉంటే సరే" అనేవాళ్లు. పూచీ పడే ముందు నాయన రెండు ఇళ్లలోనూ భోంచేసేవాడు. చెయ్యి కడుక్కునే వంకతో దొడ్లోకి పోయి గడ్డివామి చూసి వచ్చేవాడు.

అప్పట్లో నాటుబాంబులు దాచేది వాముల్లోనే. రోజూ గొడ్లకు గడ్డి లాగే వామికి అడుగున ఒక పక్క గుంత పడుతుంది. బాంబులు పెట్టిన వామిని ఎవరూ ముట్టరు. అది కట్టినప్పటిలాగే నిండుగా ఉంటుంది, పక్కన గొడ్డు మాత్రం ఎముకలు తేలి ఉంటుంది. అలాంటి దొడ్డి చూస్తే నాయన పూచీ పడేవాడు కాదు. కారణం అడిగితే ఒంట్లో బాగాలేదనేవాడు.

చివరి రాజీ నాకు బాగా గుర్తు. రెండు వాములకూ గుంతలు ఉన్నాయి. నాయన పూచీ పడ్డాడు. ఓబులేసు అని గొర్రెలు మేపే కురువ ఆయన ఉండేవాడు, ఒక పక్షం మనిషి. ఎన్నో ఏళ్లుగా అవతలి పక్షం వీధిలోకి రాకుండా గొర్రెలను ఊరి బయటి నుంచి చుట్టు తిప్పి తోలేవాడు. మాస్టరు చెప్పాడు గదా అని ఆ వారం గొర్రెలను ఊరి నడిమి వీధిలో తోలాడు. గొర్రెలు ఇంటికొచ్చాయి. ఆయన రాలేదు. నాయన ఆ తర్వాత ఎవరికీ దేనికీ పూచీ పడలేదు. కరెంటు మీటరు కోసం పక్కింటివాళ్లు సంతకం అడిగినా పెట్టలేదు.

పులివెందుల: మామ తోట

మా అమ్మ తమ్ముడు జానయ్య మామది లింగాలకు పోయే దారిలో అరటి తోట. వయసు మీద పడినా గెలలు తనే కోస్తాడు. మమ్మల్ని చూడగానే తువ్వాలుతో మంచం దులిపి కూర్చోబెట్టాడు, చీనీకాయల రసం ఇచ్చాడు. మేము రెండో గ్లాసు వద్దంటే ఎండకు మా ముఖాలు వాడిపోయాయని బలవంతంగా పోశాడు.

"యాడికి పోతాండావు అమ్మీ, ఈ వయసులో నీళ్లలోకి? ఆడ సూసేదేముండాది?"

"పడవ మంచిదో కాదో సూడాల మామా. కరుణ దాంట్లో పని చెయ్యాలంటే ఎవరో ఒకరు సూడాల గదా."

"మీ నాయన మాదిరి అందరి దొడ్లూ కెలికొస్తావా?" అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కొడవలి తీసుకుని చెట్ల మధ్యకు పోయి, మాకు అక్కర్లేనన్ని అరటిపళ్లు తెచ్చి, కారు డిక్కీలో సర్దమని ఖాదర్ చేతికిచ్చాడు. ఎప్పుడూ గేటు దాకా వచ్చే మనిషి ఆ రోజు తోటలోనే ఉండిపోయాడు. నేను గమనించాను.

మాలే: నన్ను అనుమానించిన మనిషి

విమానం దిగి బయటికొస్తే ఎదురుగా సముద్రమే. దానికి ముందు కస్టమ్స్ ఆఫీసరు నా సంచి తెరిపించాడు. లోపల నాలుగు సీసాల చెనిక్కాయల కారం, అదే వేరుశెనగ పొడి ఉంది. ఎర్రటి పొడి సీసాలోంచి కొంచెం అరచేతిలో పోసుకుని, వాసన చూసి, కళ్ల నీళ్లు పెట్టుకుని తుమ్మాడు. ఇంకో ఆఫీసరును పిలిచాడు. ఆయనా తుమ్మాడు. లోకాన్నంతా అనుమానిస్తూ బయల్దేరినదాన్ని, నన్ను ఇంకొకరు అలా చూస్తుంటే ఒళ్లు మండింది. అన్నంలో కలుపుకుంటామని సైగలు చేసి చెప్పాక వదిలారు.

అక్కడ మంచినీళ్ల సీసా కొన్న డబ్బుతో ప్రొద్దుటూరులో ఇద్దరు ఉగ్గాని, బజ్జీ తిని టీ తాగొచ్చు. ఎడారిలో నీళ్లకు ధర ఉంటుందని మనకు తెలుసు. చుట్టూ నీళ్లే ఉన్న ఊళ్లోనూ అంతే.

వాళ్ల చిన్న పడవలను ధోనీ అంటారు. మన దోనె గుర్తొచ్చి కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధోనీలో మా పెద్ద పడవకు చేర్చారు. కెప్టెన్ ఇబ్రహీం పొట్టి మనిషి, తెల్ల గడ్డం, తక్కువ మాటలు. నీళ్లలో దారి చూపించే గైడు బిజు కేరళ అబ్బాయి. మాతో వచ్చిన టూరిస్టుల్లో బెంగళూరు పళ్ల డాక్టరు శ్రీధర్ గారు ఒక్కరే మాకు మాట కలిపారు. ఆయన కెమెరా పెట్టె నా పెట్టెకన్నా పెద్దది.

మొదటి రోజులు: వంటిల్లు, చెత్తబుట్ట

పొద్దున టిఫిను మస్ హుని అంటారు. ట్యూనా తునకలు, పచ్చి కొబ్బరి, ఉల్లి, మిరప, నిమ్మరసం చేత్తో పిసికి, పల్చని రొట్టెతో పెడతారు. మనం రోట్లో ఊరిబిండి పచ్చడి నూరినట్టు వాళ్లు దీన్ని పిసుకుతారు. నా చెనిక్కాయల కారం దాని మీద చల్లి వంట మనిషికి రుచి చూపిస్తే, ఆ రోజు నుంచి ఒక సీసా వంటింట్లోనే ఉండిపోయింది. అలా నాకు వంటింట్లోకి రాకపోకలు దొరికాయి.

ఫ్రిజ్ తీసి చూశాను. ట్యూనాయే, దిబ్బల చేప లేదు. ప్లాస్టిక్ ఒక డ్రమ్ములో, తడి చెత్త ఇంకో డ్రమ్ములో. మురికి ట్యాంకు మీటరు పొద్దునా సాయంత్రం చూసుకున్నాను. పడవవాళ్లు నవ్వుకునేవాళ్లు. బిజు నన్ను ఇన్‌స్పెక్టర్ టీచర్ అని పిలవడం మొదలుపెట్టాడు.

నీళ్ల అడుగు గురించి ఒక్క మాట. అక్కడ మన ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పసుపు చేపల గుంపు మన ముఖం దగ్గరకొచ్చి, మనం ముఖ్యం కాదని తేల్చుకుని పక్కకు పోతుంది. నా జీవితంలో నేను ఎవరినీ అనుమానించకుండా గడిపిన సమయం బహుశా అదే. చేతులు రెండూ పొట్ట దగ్గర కట్టుకోవాలి, కాళ్ల రెక్కలు పగడానికి తగలకూడదు, దేన్నీ తాకకూడదు. దిగే ముందు ప్రతిసారీ బిజు ఈ మాటలు చెప్పేవాడు. మొదటి రోజు నా ముక్కులోకి ఉప్పునీళ్లు పోయి పడవ మెట్ల మీద వాంతి చేసుకున్నాను. చేపలు వచ్చి తిన్నాయి. అది మేత వేసినట్టు లెక్కా అని కెప్టెన్‌ను అడిగితే ఆయన మొదటిసారి నవ్వాడు.

తడవని తాడు

నాకు దొరికింది ముందు డెక్ మీద. అక్కడ లావుపాటి నీలం తాడు చుట్ట చుట్టి పెట్టి ఉంది. బోయకు పడవను కట్టే తాడు. దానికి అంగడి ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఊడలేదు. ఉప్పు మరక లేదు, పాచి లేదు. పక్కనే లంగరు. దాని గొలుసు రాపిడికి మెరుస్తోంది, కొక్కేల సందుల్లో తెల్లటి పలుకులు ఇరుక్కుని ఉన్నాయి.

నిండు వామి, బక్క గొడ్డు. నాయన పక్కనే నిలబడి చూపించినట్టయింది.

ఆ సాయంత్రం అందరం పైన డెక్‌లో భోజనానికి కూర్చున్నప్పుడు కెప్టెన్‌ను అందరి ముందూ అడిగాను. "లంగరు వెయ్యబోమని మీ బ్రోచర్లో రాశారు. తాడు ఇంతవరకు తడవలేదు. లంగరుకు తెల్ల పలుకులున్నాయి. అవి పగడమేనా?"

కరుణ తల దించుకుంది. కెప్టెన్ చేతిలో రొట్టె పక్కన పెట్టాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది ఇది: "పోయిన వానాకాలం గాలివానకు మేము తిరిగే దిబ్బల దగ్గర బోయలు కొట్టుకుపోయాయి. ఈ సీజనులో కొత్తవి వేస్తాం, ఆ తాడు వాటి కోసమే కొన్నాను. అంతవరకు లంగరు ఇసుకలో వేస్తున్నాం. బిజు ముందు దిగి చేత్తో పెట్టి వస్తాడు. చెయ్యబోయేదాన్ని చేసేసినట్టు ఆఫీసువాళ్లు బ్రోచర్లో రాశారు. దిద్దమని ఒకసారి చెప్పి ఊరుకున్నాను. మీరు అడిగినప్పుడు కూడా ఆ బ్రోచరే చూపించాను. అది నా తప్పు."

మర్నాడు నేనూ దిగి చూశాను. లంగరు ఇసుకలోనే ఉంది, గొలుసు పగడానికి దూరంగా పడి ఉంది. తెల్ల పలుకులు గవ్వల ముక్కలు. సగం నమ్మాను. నేను చూస్తానని తెలిసి ఆ రోజు జాగ్రత్తగా వేశారేమో అని మిగతా సగం అనుమానం అట్లే ఉంచుకున్నాను.

కరుణ మాత్రం నాతో మాటలు తగ్గించింది.

"అందరి ముందర అడగాల్నా అమా? పక్కకు పిల్సి అడిగితే చెప్పడా ఆయన? నా మొగం యాడ పెట్టుకోవాల?"

"పక్కకు పిలిస్తే పక్క జవాబే వస్తాది."

"ఇంగ నన్ను ఈళ్లు పనిలో పెట్టుకున్నట్టే" అని లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి తను పడవలో అందరికీ చేదోడు అయిపోయింది. ఒకరికి ఈత కళ్లద్దాలు తుడిచి ఇస్తుంది, ఒకరి సిలిండరు మోస్తుంది. నేను తెచ్చిన మచ్చను తను తుడుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. కోపం వచ్చింది, జాలి కూడా వేసింది.

ఆక్టోపస్

డాక్టరు గారికి ఒక్క ఆక్టోపస్ ఫొటో కావాలి. ఎక్కిన రోజు నుంచి అదే మాట. ఎంత డబ్బు పోసి వచ్చామో, మా ఆవిడకు ఏం చూపించాలో అని టిఫిను దగ్గర, టీ దగ్గర గొణిగేవారు. పడవ గురించి ఇంటర్నెట్‌లో మంచిగా రాయాలంటే ఏదో ఒకటి కనపడాలిగా అని కూడా అన్నారు. కరుణ అది వింది.

ఆ రోజు పొద్దున గోడలాంటి దిబ్బ పక్కన ఈదుతున్నాం. బిజు కొందరిని తీసుకుని ముందుకు పోయాడు. కరుణ ఒక బొరియ దగ్గర ఆగి డాక్టరు గారిని చేత్తో పిలిచింది. లోపల ఆక్టోపస్ ఉంది. ఒక కన్ను, ముడుచుకున్న ఒక కాలు మాత్రమే కనపడుతున్నాయి. డాక్టరు గారు కెమెరా కంటికి ఆనించి, బయటికి రాలేదని తల అడ్డంగా ఊపారు.

కరుణ నడుముకు ఒక సన్నని స్టీలు కడ్డీ ఉంటుంది. సిలిండరు మీద తట్టి మనుషుల్ని పిలవడానికి వాడేది. అది తీసింది. బొరియలోకి పెట్టి ఒకసారి పొడిచింది. మళ్లీ పొడిచింది.

ఆక్టోపస్ ఒక్కసారిగా తెల్లబడిపోయి బయటికొచ్చింది. డాక్టరు గారి కెమెరా లైటు వెలిగింది. గోడ పక్కన చాలాసేపటి నుంచి కదలకుండా ఉన్న పెద్ద గోధుమ రంగు చేప ఒకటి, దాన్ని నేను రాయి అనుకున్నాను, ఒక్క ఊపులో వచ్చి ఆక్టోపస్‌ను నోట కరుచుకుని పోయింది. నీళ్లలో నల్లని మరక మిగిలింది. అది కూడా కొద్దిసేపటికి చెదిరిపోయింది.

కరుణ నా వైపు తిరిగింది. నీళ్ల అడుగున ఏమీ అనడానికి ఉండదు. తను కడ్డీని మళ్లీ నడుముకు పెట్టుకుంది.

పైకి వచ్చాక డాక్టరు గారి ఆనందానికి అంతు లేదు. వేట కళ్లారా చూశాం, ఎంత అదృష్టం అంటూ ఫొటో అందరికీ చూపించారు. ఫొటోలో కడ్డీ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. "కరుణ కళ్లు మంచివి" అన్నాడు కెప్టెన్. కరుణ తువ్వాలు తల మీద కప్పుకుని కూర్చుంది.

కెప్టెన్ అడిగిన పూచీ

పొద్దు గుంకే ముందు టీ తెప్పించి కెప్టెన్ నా ఎదురుగా కూర్చున్నాడు. కరుణ, డాక్టరు గారు, బిజు అందరూ అక్కడే ఉన్నారు.

"మా దీవుల్లో ఒకరి బిడ్డను పడవ ఎక్కించుకునే ముందు ఇంటి పెద్దను అడుగుతాం" అన్నాడు. "మీరు నా వంటిల్లు చూశారు, చెత్త చూశారు, తాడు చూశారు. ఇప్పుడు నేను అడుగుతాను. ఎవరూ చూడనప్పుడు కూడా మీ అమ్మాయి దిబ్బను కాపాడుతుందని మీరు చెప్పగలరా? చెబితే రేపే తన పేరు పంపిస్తాను."

నాయన కథ ఇందాక మీకు సగమే చెప్పాను. మిగతా సగం ఇది.

ఊళ్లో ఆయన చూడాల్సిన వాములు రెండు కాదు, మూడు. మూడోది మా ఇంటి దొడ్లోనే ఉండేది. మాకు ఒక బర్రె. ఆ ఏడు దానికి గడ్డి పక్కింటి నుంచి అరువు తెచ్చి వేశారు. మన వామి తడిసింది, దాన్ని ముట్టొద్దని జానయ్య మామ చెప్పాడట. మామ అప్పుడు మా ఇంట్లోనే ఉండేవాడు, ఓబులేసుకు అవతలి పక్షం కుర్రాళ్లతో తిరిగేవాడు. మాస్టరు ఇంటి వామిని పోలీసులు కూడా అనుమానించరని వాళ్లకు తెలుసు. ఓబులేసు మీద పడిన బాంబు మా వామిలోంచి పోయింది. అందరి దొడ్లూ చూసిన నాయన రోజూ ముఖం కడుక్కునే చోటు పక్కనున్న వామిని చూడలేదు. ఇదంతా అమ్మ పోయే ముందు నాకు చెప్పింది. నాయనా మామా మళ్లీ మాట్లాడుకోలేదు. మామ ఆ సంగతి తన నోటితో ఎవరికీ చెప్పలేదు.

టీ చల్లారిపోతోంది. చెబుతాను సార్, నాది పూచీ అనడానికి ఎంతోసేపు పట్టదు. కరుణ నా ముఖంలోకి చూస్తోంది. ఆ చూపులో నన్ను బతిమాలుతోందా, వద్దంటోందా నాకు తెలియలేదు. కన్న కూతురు చూపు కూడా చదవలేకపోయాను.

"నేను పూచీ పడను సార్" అన్నాను. "తననే అడగండి."

కరుణ నడుము నుంచి కడ్డీ తీసి టీ కప్పుల మధ్య పెట్టింది. "అది వేట కాదు. నేను పొడిచి బయటికి తెచ్చాను. అందుకే చచ్చింది" అంది.

"ఒక్క ఆక్టోపసే కదా" అన్నారు డాక్టరు గారు.

కెప్టెన్ కడ్డీ తీసుకుని బిజుకిచ్చాడు. మిగతా రోజులు కరుణ నీళ్లలోకి దిగకూడదన్నాడు. ఈ సీజనుకు పని ఇవ్వలేనని, వచ్చే ఏడు టూరిస్టుగా వస్తే చూస్తానని చెప్పాడు. ఆయన గొంతులో కోపం లేదు. తర్వాత ఫోను తీసి, మా ముందే ఆఫీసుకు చేసి, బ్రోచర్లో లంగరు వాక్యం తీసెయ్యమని, తియ్యకపోతే తనే పడవ దిగిపోతానని చెప్పాడు. అది మమ్మల్ని చూసి ఆడిన నాటకమా అని నాకు అనిపించింది. ఇంటికొచ్చాక వెతికి చూశాను. ఆ వాక్యం లేదు. బోయలు వేసేదాకా ఇసుకలో లంగరు వేస్తామని రాసి ఉంది. పడవను ఎంచుకోవడం ఎలా అని నన్ను అడిగేవాళ్లకు చెప్పగలిగింది ఇంతే: తప్పు చూపించినప్పుడు ఆ పడవవాళ్లు ఏం చేస్తారో చూడండి.

మిగిలిన రోజులు అందరూ నీళ్లలోకి దిగితే కరుణ వంట మనిషి పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగింది. నేనూ దిగలేదు.

"నా మింద కోపంగా ఉండావా అమా?"

"ఉండా. కానీ నువ్వు చెప్పినాక ఊపిరాడింది."

మళ్లీ పులివెందుల

తిరుగు దారిలో మళ్లీ ఖాదర్ కారులోనే వచ్చి మామ తోట దగ్గర ఆగాం. అదే మంచం, అవే చీనీకాయలు.

"పడవ మంచిదేనా?" అన్నాడు మామ.

"మంచిదే మామా."

"మరి పాపకు పని?"

నేను ఏదో సర్ది చెప్పబోయాను. కరుణే ముందు చెప్పేసింది. "రాలేదు తాతా. తప్పు నేనే చేసినా. బొరియలో ఉన్న జీవాన్ని కడ్డీతో పొడ్సి బయటికి లాగినా, ఇంగో చేప తినేసింది. అందరి ముందర చెప్పినా. పని పోయింది."

మామ చేతిలోని చీనీకాయ పిండడం ఆపేశాడు. "అడగకముందే చెప్తివా?"

"అడిగితేనే చెప్పినా తాతా. అమ్మ నా తరపున చెప్పనంటే."

మామ నా వైపు కాదు, కరుణ వైపు తిరిగి అన్నాడు. "నన్ను ఎవురూ అడగలే పాపా. మీ తాత అడగలే, మీ అవ్వ అడగలే. అడిగితే చెప్దామని ఇన్నేండ్లు కాచుకోని ఉండా. మీ ఇంటి వామిలో పెట్టింది నేనే. ఓబులేసు గొర్రెలు తోలకచ్చే దారి చెప్పింది గూడా నేనే."

దారి సంగతి నాకు తెలియదు. అమ్మకూ తెలియదనుకుంటా.

"ఓబులేసు కొడుకు లింగాలలో ఉండాడు" అన్నాడు మామ. "పోవాల. ఒగన్ని పోలేను. నువ్వు తోడు వస్తావా పాపా?"

కరుణ లేచి చెప్పులు వేసుకుంది. మామ తువ్వాలు భుజం మీద వేసుకుని, ఈసారి గేటు దాకా కాదు, కారు దాకా వచ్చాడు. ఎక్కే ముందు నేను అలవాటు కొద్దీ ఆయన దొడ్డి వైపు చూశాను. వామి అడుగున గుంత ఉంది, ఆవు అందులో తల పెట్టి మేస్తోంది. కారు లింగాల వైపు తిప్పమని ఖాదర్‌తో చెప్పాను.